స్మారకశిల మీది గులకరాళ్లు

పోలండ్‌లోని లుబ్లిన్‌లో యూదుల పాత చౌక్ ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉంది. యుద్ధంలో హతమైన యూదుల స్మారకశిల మీది గులకరాళ్లను ముసలాయన సంచిలోకి తీస్తుంటే, ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి వచ్చిన ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అయ్యో, ఏం చేస్తున్నారండీ?"

"పిల్లల అల్లరమ్మా. ఎదురింట్లో దిగినప్పట్నుంచీ నేనే శుభ్రం చేస్తున్నా."

"అల్లరేంటండీ! పోయినవాళ్లకి మేం పూలు పెట్టం, రాళ్లు పెడతాం. మా అక్క చనిపోయేముందు వచ్చి, అమ్మ కోసం తెల్లరాయి పెట్టింది. దాన్ని చూద్దామనే వచ్చాను."

ఆయన చేతిలోని సంచి చేజారింది.

"ఎంత పని చేశాను తల్లీ!"

"ఎక్కడ పారేశారు?"

"పారేయలేదు. ముచ్చటగా ఉన్నాయని మా ఆవిడ సమాధి చుట్టూ పేర్చాను. తెల్లది తలవైపు పెట్టా. ఇప్పుడే తెచ్చిస్తాను."

ఆవిడ వంగి, సంచిలోంచి ఒలికిన రాళ్లు ఏరింది.

"తేవద్దు. ఆమె పేరేమిటి?"

"యద్వీగా."

"ముందు ఇవి సర్దుదాం పట్టండి. తర్వాత యద్వీగా దగ్గరికి తీసుకెళ్లండి. ఆమెకి నేనూ ఒకటి పెడతాను."