నాయన నుంచి వచ్చింది

పేగులో క్యాన్సరు గడ్డ కోయించుకున్న గోవిందు కర్నూలు ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ, ఎమ్మిగనూరు బస్టాండులో అక్క పక్కన కూర్చున్నాడు.

“డాక్టరు ఏం సెప్పినాడప్పా?”

“గడ్డలోనూ రక్తంలోనూ డీఎన్ఏ చూసినారంటక్కా. ఇది నాయన నుంచి వచ్చిందంట.”

“నాయన కడుపునొప్పితో కదా పోయినాడు!”

“అదీ ఇదేనంట. నీకూ ఉండొచ్చంట, పరీక్ష చేయించుకోమన్నాడు.”

“ఉంటే రక్తంలోంచి తీసేస్తారా?”

“తీయలేరంట. ఏటేటా పేగులోకి గొట్టమేసి చూస్తారంట. గడ్డ చిన్నగున్నప్పుడే కోసేస్తారంట.”

“చేయించుకుంటాలే. నాకుంటే నా కూతురికీ వస్తాదా?”

“శోభకూ రావచ్చు. ఆ పిల్ల బిడ్డలకీ రావచ్చు.”



“పొద్దున్నుంచీ నీకు సెప్పాలనుకుంటాండానప్పా. శోభ నెల తప్పినాది.”

మంచి మాటే కదక్కా అనబోయాడు గోవిందు. ఆసుపత్రి కాగితాలు మడిచి సంచిలో దోపుకున్నాడు.