ఒంటిరెక్క విమానం

హోటల్ గది. మంచం మీద సగం సర్దిన పెట్టె. పెళ్ళై ఇంకా నెల తిరగని మొగుడూ పెళ్ళాం. అతను అప్పుడే ఫోన్ పెట్టేశాడు.

"వచ్చాడు! కింద కూర్చున్నాడట!"

"ఎవరు?"

"విమానం వాళ్ళ మనిషి. నీకు థాంక్స్ చెప్పడానికి పంపారట. చేతిలో డబ్బా కూడా ఉందట. పైకి పంపెయ్యమన్నాను."

"పంపెయ్యమన్నావా? గది చూశావా ఎలా ఉందో! ముందు ఆ తువ్వాలు తియ్యి. అది కాదు, కుర్చీ మీదది."

"డాక్టరమ్మా, తువ్వాలు ఎక్కడికీ పారిపోదు. అతను నిన్ను ఏం కావాలని అడుగుతాడు. అడిగితే ఏమంటావు?"

"ఏమీ వద్దంటాను."

"అదిగో! నీకు దణ్ణం పెడతాను, ఆ ఒక్క మాటా అనకు. రేపు పొద్దున తిరుగు ప్రయాణం. విమానం నిండిపోయింది. నువ్వు ఆరో వరుస, నేను ముప్పై ఒకటి. వచ్చేటప్పుడూ ఇదే బాగోతం. పెళ్ళాం తల వెనక వైపైనా చూసుకుందామంటే, మధ్యలో ఎవరిదో బట్టతల."

"తర్వాత లేచి నీకు కనబడేలా నడిచానుగా."

"నడవలేదు, పరిగెత్తావు. 'డాక్టర్లు ఎవరైనా ఉన్నారా' అని మైకులో అడగడమే ఆలస్యం, బాణంలా వెళ్ళిపోయావు. ఆ మామ్మగారిని ముందు వరుసలో పడుకోబెట్టారు, నిన్ను పక్కన కూర్చోబెట్టారు, కర్టెన్ లాగేశారు. దిగాక అంబులెన్సు. ఆ తర్వాత మూడు రోజులు ఆసుపత్రి. హనీమూన్‌లో నేను చూసిన సముద్రం ఆసుపత్రి క్యాంటీన్ క్యాలెండర్‌లో ఉంది."

"అబద్ధాలాడకు. నిన్న నిజం సముద్రమే చూపించాను."

"చీకట్లో! 'అదిగో, ఆ చప్పుడే సముద్రం' అన్నావు."

"చప్పుడు బాగుంది కదా మరి. అవునూ, అత్తయ్య ఫొటోలు అడిగారు, పంపావా?"

"పంపాను. సెలైన్ స్టాండు పక్కన నేను నవ్వుతున్నది."

"ఆవిడేమన్నారు?"

"'ఎవరికేమైందిరా' అని మూడుసార్లు ఫోన్ చేసింది. నాలుగోసారి నాన్న చేశాడు. అందుకే చెబుతున్నా, ఒక్కటే అడుగు. పక్కపక్కన రెండు సీట్లు. నాలుగు గంటలు. నీ భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతాను."

"నువ్వు గురక పెడతావు."

"క్యాంటీన్ బల్ల మీద పెట్టిన గురక వేరు, నీ భుజం మీద పెట్టే గురక వేరు."

"ష్! తలుపు కొడుతున్నారు. చొక్కా గుండీ పెట్టుకో... రండి, రండి!"

"నమస్కారం మేడమ్. నమస్కారం సార్. కృతజ్ఞతల విభాగం నుంచి వచ్చాను."

"అలాంటి విభాగం ఒకటుందా!"

"ఉంది సార్. విభాగమంతా నేనే. ఆకాశంలో డాక్టర్లు చేసిన సాయానికి నేల మీద థాంక్స్ చెప్పడం నా ఉద్యోగం."

"ఏమండీ, ఆయనకి ఆ కుర్చీ జరపండి."

"విన్నారా సార్? నన్ను ఏమండీ అంది!"

"నలుగురిలో అంటాను. నోరు మూసుకోండి."

"పర్వాలేదు మేడమ్, నిలబడే చెప్పాలి, అది మర్యాద. డాక్టరుగారూ, మీరు మా ప్రయాణికురాలిని కాపాడినందుకు మా సంస్థ తల వంచి నమస్కరిస్తోంది. వంచాను. ఇక డబ్బా తెరవండి."

"అబ్బ, విమానం బొమ్మ! ఎంత ముద్దుగా ఉందో చూడండీ! కిటికీలు, చక్రాలు, తోక మీద గీతలు... దీని రెండో రెక్క ఏదీ?"

"విరిచాం మేడమ్."

"అయ్యో, దారిలో విరిగిందా?"

"విరగలేదు, విరిచాం. ఇవాళ పొద్దున నేనే విరిచాను. కొంచెం గట్టి సరుకు, తలుపు సందులో పెట్టాల్సి వచ్చింది."

"ఎందుకయ్యా?"

"రెండు రెక్కలూ ఉంటే దానికి వెల ఉంటుంది సార్. వెల ఉన్నది ఇస్తే అది ఫీజు. ఫీజు పుచ్చుకుంటే మేడమ్ మా జీతం డాక్టరు. జీతం డాక్టరైతే రేప్పొద్దున ఆ పెద్దావిడకి పన్ను నొప్పి వచ్చినా మేడమ్ మీద కేసు వెయ్యొచ్చు. అదే ఊరికే చేశారనుకోండి, పుణ్యం. పుణ్యం మీద కేసు లేదు సార్."

"అంటే మా ఆవిణ్ణి కాపాడ్డానికి రెక్క విరిచారు."

"చూశారా, ఎంత తొందరగా అర్థం చేసుకున్నారో! చాలామంది బొమ్మ నా మీదికే విసిరేస్తారు."

"అందరికీ ఇలాగే ఇస్తారా?"

"ఎవరికి తగ్గట్టు వాళ్ళకి మేడమ్. ఒక డాక్టరుగారు విమానంలో కాన్పు చేశారు. కవలలు. ఆయనకి చెప్పు ఇచ్చాం."

"చెప్పులా?"

"చెప్పు. ఎడమది. ఇంకో పళ్ళ డాక్టరుగారు గుండెపోటు మనిషిని నిలబెట్టారు. ఆయనకి గొడుగు."

"గొడుగు బాగానే ఉంది."

"బట్ట తీసేసి ఇచ్చాం సార్."

"మరి దీని రెక్క పారేశారా?"

"ఎంత మాట! ఇదిగోండి, సార్ కోసం తెచ్చాను. డాక్టరుగారి భర్తగా మీరు పడ్డ కష్టానికి."

"నాకు... రెక్క."

"ఏమండీ, తీసుకోండి. పాపం, ప్రేమగా ఇస్తుంటే!"

"కానీ ఒక్క మనవి సార్. రెండూ ఒకచోట ఉండకూడదు. అతికాయంటే వెల వచ్చేస్తుంది. విమానం మేడమ్ గదిలో, రెక్క మీ గదిలో."

"మేం కొత్తగా పెళ్ళైనవాళ్ళమండీ. మాకు ఒకటే గది."

"పోనీ వేరువేరు పెట్టెల్లో."

"పెట్టె కూడా ఒకటే."

"మీ కేసు కష్టంగా ఉంది సార్."

"చూడండి. ఈ విమానం మీరే ఉంచుకోండి, ఈ రెక్క కూడా ఉంచుకోండి. మా ఆవిడ ఒక్కటి అడుగుతుంది. చెప్పవే."

"నేనా? నాకేం వద్దండీ."

"అనేసింది! అనేసింది చూడు!"

"సరే, చెబుతాను, చెయ్యి వదలండి. రేపు మా ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరుకుతాయేమోనని మావారి ఆశ."

"సీటు ఇవ్వగలను మేడమ్. 'పక్కన' ఇవ్వలేను."

"అంటే?"

"సీటు మీరు కొనుక్కున్నారు, అది మీదే. 'పక్కన' అన్నదానికి విడిగా వెల ఉంది. కిటికీకి ఒక వెల, కాళ్ళు చాపుకోవడానికి ఒక వెల, పక్కనకి ఒక వెల. దూరం ఒక్కటే ఉచితం సార్. దూరం ఎంత కావాలన్నా ఇస్తాను. ముప్పై ఒకటి చాలకపోతే నలభై రెండో వరుస ఉంది, మరుగుదొడ్డి పక్కన."

"పక్కన అన్నారు! ఇప్పుడే అన్నారు!"

"మరుగుదొడ్డి పక్కన సార్. దానికి వెల కట్టాలని చూశాం, కుదర్లేదు."

"పోనీ ఎక్కాక ఎవరినైనా బతిమాలి మారిపోతాం."

"ఆ పని మాత్రం చెయ్యకండి. మారితే 'పక్కన' ఊరికే కొట్టేసినట్టు. గాల్లో లేచి సీటు మారే హక్కు ఎవరికీ లేదు. ఒక్క డాక్టరుకి తప్ప, అదీ ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే."

"ఎవరికైనా బాగోకపోతే... అలాగా అండీ."

"అవును మేడమ్. డాక్టరు కూర్చోవడానికి పక్కవాళ్ళు లేచి చోటివ్వాలి. వాళ్ళు వెళ్ళి డాక్టరు వదిలిన సీట్లో కూర్చోవాలి. అదీ పద్ధతి. అన్నట్టు, పక్కపక్కన రెండు సీట్లు రేపటికి ఉన్నాయి సార్."

"ఉన్నాయా! ఇంతసేపూ రెక్క చేతిలో పెట్టి ఏడిపిస్తారా? ఎక్కడ?"

"పదకొండో వరుస. ఒకటి డాక్టరుగారికి."

"రెండోది?"

"అసలు థాంక్స్ అదే సార్, చివర్లో చెబుదామని దాచాను. రెండోది ఆ పెద్దావిడకి. ఆవిడా రేపు మీ విమానంలోనే వెనక్కి వెళుతున్నారు. డాక్టరమ్మ పక్కన కూర్చుంటే తప్ప మెట్టెక్కనని పట్టుబట్టారు."

"మరి దీనికి వెల లేదా?"

"లేదు సార్. ఇది కానుక కాదు, పని. పనికి వెల కట్టే అలవాటు మాకు లేదు."

"మరి ఆవిడ మొగుడో?"

"పెద్దాయన ముప్పై ఒకటో వరుస. మీ పక్కనే. చూశారా, మీకు 'పక్కన' ఉచితంగా వచ్చింది! బయట ఎవరికీ చెప్పకండి. నేను వస్తాను మేడమ్."

"శ్రమ పడి వచ్చారు. చాలా థాంక్సండీ."

"అయ్యో, ఆ మాట వెనక్కి తీసుకోండి మేడమ్! ఎదురు థాంక్స్ పుచ్చుకునే అధికారం నాకు లేదు."

"తీసేసుకున్నాను."

"థాం... వస్తాను సార్. తలుపు నేనే వేసుకుంటాను. దీని సందులో ఏమీ పెట్టకండి, గట్టి తలుపు."

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు. బాబోయ్, నవ్వు ఆపుకోలేక చచ్చాను! ఎడమ చెప్పట!"

"నవ్వకు. మొగుడు రెక్క పట్టుకుని కూర్చుంటే నవ్వొస్తోందా నీకు? రేపు ఆ మామ్మగారు నిన్ను ఎగరేసుకుపోతుంది. నేనేమో తాతగారి మోకాళ్ళ నొప్పుల కథ వింటూ..."

"ఒక సంగతి చెప్పనా? అరవనంటే చెబుతాను."

"ఎప్పుడైనా అరిచానా?"

"ఆవిడకి జబ్బేమీ లేదు."

"తగ్గిందిగా, అందుకేగా వెళుతోంది."

"తగ్గడం కాదు. అసలు రాలేదు. నాడి చూశాను, నీకంటే గట్టిగా ఉంది."

"ఏంటీ!"

"అరవనన్నావు."

"అరవలేదు, అడిగాను. మరి గుండె బరువుగా ఉందంది కదా!"

"'గుండె బరువుగా ఉందమ్మా, వెనకాల మా ఆయన ఉన్నారు, కాస్త పిలు' అంది. ఆ ఎయిర్ హోస్టెస్ పిల్ల మొదటి సగం విని మైకు అందుకుంది. నేను రొప్పుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, ఆవిడ నా చెవిలో ఏమందో తెలుసా? 'మా ఆయన్ని పిలవమంటే నిన్ను పంపారేంటే అమ్మా?'"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? అప్పటికే ఆక్సిజన్ తెచ్చేశారు. ఎవరో పైకి వినబడేలా ప్రార్థన మొదలెట్టారు. ఒకాయన ఏడుస్తున్నాడు కూడా. అంతమందిలో ముసలావిడ పరువు తియ్యనా? ఇంకా ఘోరం విను. తాతగారు పరిగెత్తుకుంటూ వస్తే, డాక్టరుకి చోటు చాలదని ఆయన్నే వెనక్కి పంపేశారు."

"మూడు రోజుల ఆసుపత్రో?"

"ఎంత వెతికినా ఏమీ దొరకలేదు వాళ్ళకి. అంత దొరక్కుండా దాక్కుందంటే పెద్ద జబ్బే అయ్యుంటుందని ఉంచేశారు. నేను కాపలా లేకపోతే ఏదో ఒకటి కోసేవాళ్ళు. నిన్ను క్యాంటీన్‌లో వదిలేసి సరదాగా కూర్చున్నానా?"

"...ముందే చెప్పొచ్చుగా. పిచ్చోడిలా రోజూ గుమ్మంలో నిలబడి నీ మీద అలిగాను."

"అలిగిన మొహం బాగుందని చెప్పలేదు."

"సరే, ఇది చెప్పు. నలభై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళు, విడివిడిగా ఎందుకు కూర్చున్నారట?"

"తాతగారే అన్నారట. 'జీవితమంతా పక్కనే ఉన్నావు, నాలుగు గంటలకి విడిగా డబ్బు దండగ' అని."

"ఛీ, ఎంత పిసినారి మనిషి! పెళ్ళాం పక్కన కూర్చోవడానికి లెక్కలేంటి?"

"అవును కదూ. మరి మన టికెట్లు కొన్నప్పుడు, 'జీవితమంతా పక్కనే ఉంటాంగా, నాలుగు గంటలకి ఎందుకే' అన్న పెద్దమనిషి ఎవరు?"

"...ఈ తువ్వాలు ఎక్కడ పెట్టమన్నావు?"

"తువ్వాలు పారిపోదని నువ్వేగా అన్నావు. చెప్పు, ఎవరు?"

"అప్పటికి పెళ్ళి కాలేదు. నాకేం తెలుసు నాలుగు గంటలంటే ఎంతో! ఏమే, తప్పైపోయింది. ఇప్పుడు వాళ్ళు అడిగినంతా పోసినా ఖాళీ లేదు. రేపు మళ్ళీ నువ్వెక్కడో, నేనెక్కడో. ఎల్లుండి నుంచి నీ డ్యూటీలు, నా ఆఫీసు. ఆ మామ్మగారికి కూడా మొగుణ్ణి వదిలేసి నిన్ను పక్కన పెట్టమనే బుద్ధి ఎలా పుట్టిందో!"

"నేనే పుట్టించాను."

"ఏంటీ?"

"మళ్ళీ అరుస్తున్నావు. నిన్న ఫోన్ చేసి నేనే నేర్పించాను. 'డాక్టరమ్మ పక్కన లేకపోతే ఎక్కనని మొండికెయ్యండి, తాతగారిని ముప్పై ఒకటిలో మావారి పక్కన పెట్టించండి' అని. తాతగారు కూడా ఒప్పుకున్నారు. ఆయనకి ఈ మూడు రోజుల్లో బుద్ధొచ్చింది."

"నాకేం అర్థం కావడం లేదు. నువ్వే పోయి ఆవిడ పక్కన కూర్చుంటే మనకేంటి లాభం?"

"వచ్చేటప్పుడు నేను కళ్ళారా చూసిన పద్ధతే ఇందాక ఆ థాంక్స్ ఆయనా చెప్పాడు. గాల్లో లేచి మారే హక్కు ఎవరికుంది?"

"డాక్టరుకి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే..."

"చోటిచ్చిన పక్కవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి?"

"డాక్టరు వదిలిన సీట్లో. అంటే తాతగారు లేచి మామ్మగారి పక్కకి... నువ్వు నా... ఓసి నీ... నువ్వు నిజంగా డాక్టరువేనా?"

"విమానాన్ని దించాలంటారు, వద్దంటాను. ఆసుపత్రి అంటారు, అక్కర్లేదంటాను. దిగేదాకా డాక్టరు పక్కనే ఉండాలని మాత్రం గట్టిగా చెబుతాను."

"మళ్ళీ అతను ఏ రెక్కో తీసుకుని ఇంటికొస్తాడు."

"రానీ. రెండో విమానం రెక్క దీనికి అతికిద్దాం."

"అది సరేగానీ, నాకు నటన రాదే. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అంటే అమ్మ నమ్మేది కాదు. రేపు అందరి ముందూ నువ్వు నాడి పట్టుకోగానే అబద్ధం బయటపడిపోతుంది."

"పెళ్ళిలో మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నప్పుడు నీ నాడి లెక్కపెట్టాను, ఎక్కడున్న విమానాన్ని అక్కడే దించెయ్యాల్సినంత వేగం ఉంది, రేపు బెల్టు లైటు ఆరగానే నువ్వు బటన్ నొక్కు చాలు, ఆ వేగం నేనొచ్చి చెయ్యి పట్టుకుని తెప్పిస్తాను."