దూది కాటా మీద ఏడు కంప్యూటర్లు

రేపు ఆదివారం జమ్మలమడుగు రీడింగు రూములో చదరంగం పోటీ. జరుగుతుందో లేదో ఇంకా తెలీదు. పోయినేడాది బంటు దగ్గరే చెడింది. బంటు మొదటి ఎత్తులో ఒక గడే నడవాలని మా ఊరోళ్లు, రెండు గడులు పోవచ్చని ప్రొద్దుటూరోళ్లు పట్టుబట్టి, ఆట మధ్యలో బల్ల తిరగేసి ఎవరి దోవన వాళ్లు పోయినారు. ఈసారి ఇద్దరూ ఒప్పుకునే రెఫరీ సాయంత్రంలోగా కుదరకపోతే పోటీ ఇక ఎప్పటికీ లేనట్టే. అందుకే మా తరఫున సుబ్బరాయుడు సారు, వాళ్ల తరఫున బట్టల కొట్టు మున్వర్, బస్టాండు పక్కన గులాబ్‌బీ టీ కొట్లో చదరంగం బల్ల ముందర పెట్టుకుని కూర్చున్నారు. సారు వెంబడి నేనూ పోయినా.

అప్పుడు వచ్చినాడు కమాల్ బాషా. ప్రొద్దుటూరు దూది మిల్లులో తూకం గుమాస్తాగా చేసి మానుకున్న మనిషి. రెఫరీ కుర్చీ మీద ఆయనకు ఎంత ఆశ ఉందో ఇస్త్రీ చొక్కా చూస్తేనే తెలిసిపోయింది.

"నాకు పెద్దగా ఏం తెల్దప్పా. బొంబాయిలో ఒకసారి కంప్యూటర్లు చదరంగం ఆడతాంటే బెంచీలు ఏసినా, అంతే" అన్నాడు కూర్చుంటానే.

"కంప్యూటరంటే ఏంది?" అని అడిగింది గులాబ్‌బీ.

"లెక్కలు చేసే యంత్రమక్కా. ఒక్కోటి నీ కొట్టుకు నాలుగింతలుంటాది. ఆ బెంచీలు ఎంత సమంగా ఏసినానో, ఒక దొర సూసి, ఈ మనిషి అన్యాయం చెయ్యడు, వచ్చే పోటీ నువ్వే పెట్టల్ల బాషా అన్న్యాడు. పెడ్తాగానీ మా ప్రొద్దుటూర్లోనే పెడ్తా అన్న్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడు దేశాలోళ్లు యంత్రాలెత్తుకోని ఎర్రగుంట్ల స్టేషన్లో దిగినారు. ఒక్కోదానికి పద్నాలుగు ఎద్దులబండ్లు."

"నాది ప్రొద్దుటూరే గదా మామా, నేను సూడలేదే" అన్నాడు మున్వర్.

"నువ్వప్పుడు సరుక్కని సూరత్ పోయింటివి. విను. బయట దేశాల్లో యంత్రాన్ని ఆడించల్లంటే ఇల్లు అమ్ముకోవల్లంట. నేనెంత పెట్టినా? రూపాయిన్నర, సద్దిరొట్టె దాంట్లోనే. పోలండోడు నా చెయ్యి పట్టుకోని ఏడ్చినాడు."

"అగ్గువ సరే. న్యాయం సంగతేంది?" అన్నాడు సుబ్బరాయుడు. ఆయనకు కావాల్సింది అదే.

"ఆడికే వస్తాండా సారూ. అమెరికాది ఏనుగంత, పోలండుది మేకంత. రెండిటికీ జోడీ కడితే న్యాయమా? అన్నిట్నీ దూది కాటా మీదికి ఎక్కించినా. దూది బేలుకు తీసినట్లే తూకంలో తరుగు తీసి, ఎక్కువ తూగేదాని మెదుడు తీగలు పీకి తక్కువదానికి తగిలించినా, కాటా ముల్లు నడిమధ్యన నిలబడేదాకా. అమెరికావోడు గునిసినాడు. తరుగు లేని తూకం మా ఊర్లో లేదు పోప్పా అన్న్యా."

"ఎంత తీసినావు తరుగు?"

"బేలుకు రెండు కేజీలే. ఫారిన్ సరుకని ఎక్కువ తియ్యలా. ఇంగ టైముకు గడియారాలు పెడితే ఒకోటి ఒకో తీరు సూపిస్తాది గదా? మైదుకూరు బస్సు పోయొచ్చేలోపల ఎత్తు ఎయ్యల్లని పెట్టినా. బస్సు పంచరైతే ఇద్దరికీ లాభమే. అది మే నెల. యంత్రాలు కాలిపోతాంటే పెన్నలో చెలమలు తవ్వి, ఆ నీళ్లతో గోతాలు తడిపి కప్పినాం. అవి గట్టిగా ఆలోచించినప్పుడల్లా పులివెందుల్లో దీపాలు సన్నగిల్లేవి. రష్యాది మంత్రిని పోగొట్టుకున్న్యాక పులివెందులకు రెండు దినాలు చీకటే."

మున్వర్ టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుతాండాడు. నాకు మాత్రం ఆ మిల్లు షెడ్డు, తడి గోతాల కింద మినుకుమినుకుమనే పచ్చ దీపాలు కండ్ల ముందర ఆడినాయి. ఇంటికి అంత దూరం వచ్చిన పోలండు యంత్రం మీద జాలి కూడా కలిగింది.

"అన్నీ సమానమైనాయి గదా, ఎవురూ గెలవరు, ఎవురూ ఓడరు. పద్దెనిమిది దినాలు. ఆఖరికి ఏడు యంత్రాలూ ఒకటై కాగితం మీద అచ్చు కొట్టి బయటికి తోసినాయి. ఏమని కొట్టినాయో తెలుసా? బాషాతోనే ఆడతామని. సరే రాండి అన్న్యా. ఆ పక్క ఏడు మెదుళ్లు, ఈ పక్క నేనూ నా బీడీ. రాజు ముందరుండే బంటును ఇట్ల, ఒక్క ఏలుతో ముందుకు తోసినా. ఆ ఒక్క ఎత్తు సూసి ఏడూ ఒకేసారి ఆరిపోయినాయి."

గులాబ్‌బీ గ్లాసులు కడుగుతా, తల తిప్పకుండానే అడిగింది. "ఎన్ని గడ్లు తోసినావప్పా?"

కమాల్ బాషా నోరు తెరిచినాడు. సుబ్బరాయుడు ముందుకు వంగినాడు. మున్వర్ నవ్వడం మానుకున్నాడు. బాషా ఈయన్నొకసారి, ఆయన్నొకసారి చూసినాడు.

"ఒకటిన్నర" అన్నాడు.

"పెట్టి సూపియ్యి" అని గులాబ్‌బీ చెయ్యి తుడుచుకుని బల్ల ఆయన ముందరికి జరిపింది.

ఆయన బంటును తీసి, రెండు గడుల నడుమ గీత మీద జాగ్రత్తగా నిలబెట్టినాడు.

"ఇది ఏ గడిలో ఉన్నట్టు మామా?" అన్నాడు మున్వర్.

"దోవలో ఉండాది."

"ఏడు దేశాలకు న్యాయం చేసినావు" అంది గులాబ్‌బీ, "ఈ ఇద్దర్లో ఒకరికి నీది తప్పని చెప్పేకి నీకు నోరు రాల్యా. రెఫరీకి కావల్సింది అదొక్కటే గదప్పా."

బాషా టీ గ్లాసులోకి చూసుకున్నాడు. అది ఖాళీ.

"అయితే నువ్వే చెప్పక్కా, ఒకటా, రెండా?" అన్నాడు సుబ్బరాయుడు.

"మొదటాట ఒక గడి, రెండో ఆట రెండు గడ్లు. కాదనేటోడు ఇంటికి పోవచ్చు."

"మూడో ఆటో?"

"అంతదాకా మీరు తన్నుకోకుండా ఉంటే అప్పుడు సూస్తాం."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుబ్బరాయుడు జేబులోంచి కాగితం తీసి, రెఫరీ అని రాసుకున్న చోట గులాబ్‌బీ పేరు రాయడం మొదలుపెట్టినాడు.

కమాల్ బాషా మెడ సాచి ఆ కాగితంలోకి చూసి, తలాడించినాడు.

"రాయప్పా, రాయి. ఆమెకు ఆ తీర్పు నేర్పింది నేనే."