ఆకు కమ్మలు

ఎల్లారెడ్డిలో పెళ్లి చూసుకొని అక్కాచెల్లెళ్లు కామారెడ్డి బస్సెక్కారు. అక్క చెవులకు చెల్లెలు పాలిమర్ క్లేతో చేసిన కమ్మలున్నాయి.

"ఈ కమ్మలు హైదరాబాద్‌ల కొన్ననని మీ అత్తకు ఎందుకు చెప్పినవక్కా?"

"నువ్వు విన్నవా?"

"పెండ్లిల మీ ఎన్క కుర్చీలనే కూసున్న. పోచారం అడవిల ఒక ఆకును చూసి చేసిన. పెద్దాకుల చిన్నాకులు, వాట్లల్ల ఇంకా చిన్నవి. అవి కుదిరేదాంక ఎన్ని పాడైనయో!"

"మా చెల్లె మట్టితోని చేసిందంటే నవ్వుతరనుకున్న. తప్పయింది చెల్లె. ఇప్పుడే ఫోన్ చేసి నిజం చెప్త."

"వద్దక్కా. అబద్ధమాడినవని తెలిస్తే అత్తగారింట్ల నీ ఇజ్జత్ పోతది."

అక్క తలెత్తలేకపోయింది. కమ్మలు తీయబోయింది.

"ఉండనీయక్కా. నీకు మంచిగున్నయ్."