ఎర్రలైటు మాస్కు

మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చోబెట్టి, తల్లి కూతురి ముఖం మీంచి మొటిమలకని కొన్న ఎర్రలైటు మాస్కు తీసింది. ఫోనులో ఉన్న పోయిన నెల ఫొటోతో పోల్చి చూసింది.

"ఒక్క మొటిమ లేదే. డబ్బా మీద రోజుకి పది నిమిషాలే అని రాశారు గానీ, నేను గంట పెట్టించబట్టి తగ్గాయి."

"హాయిగా ఉంది. అన్నీ పోతున్నట్టుంది."

"చెంప మీద పుట్టుమచ్చ ఏదే?"

"ఏ మచ్చ?"

"కనుబొమ్మ మీద కుట్ల గీత కూడా లేదేంటి? ఆ రోజు సైకిల్ మీంచి పడొచ్చి ఇల్లు పీకి పందిరేశావు కదే."

"నేనా? నాకసలు సైకిలే రాదు."

తల్లి మాస్కు వెనక్కి దాచింది. పిల్ల నున్నటి ముఖంతో, ఎంతో మర్యాదగా చెయ్యి చాచింది.

"ఇంకాసేపు పెట్టుకుంటాను, ఇలా ఇవ్వండి ఆంటీ. మా అమ్మ వచ్చేదాకా."