ఐసు మేస్త్రికి చలి వెయ్యదు

నా టీ కొట్టు కోల్డ్ స్టోరేజీ గేటుకి సరిగ్గా ఎదురు. ఐసు మేస్త్రి గారు అందులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరై రెండేళ్ళయింది. అయినా పొద్దున ఎనిమిదింటికి, షిఫ్టు మారే వేళకి, వచ్చి నా బల్ల మీద కూర్చోవడం మానలేదు. ఎంత చలికాలమైనా పల్చటి పొట్టిచేతుల చొక్కా, పై గుండీ తీసేసి. ఇక నోరు విప్పితే మాటలు కోటలు దాటుతాయి.

ఆ రోజు బల్ల మీద పక్క కొట్టు టైలరు ఉన్నాడు, మేస్త్రి గారి బామ్మర్ది ఉన్నాడు. బామ్మర్ది పొరుగూరి నుంచి మొదటి బస్సుకి వచ్చాడు. మేస్త్రి గారి ఆవిడ నలభై రోజులుగా ఈ తమ్ముడింట్లోనే ఉంటోంది. నెమ్ము చేసి వారం రోజులు ఆస్పత్రిలో ఉంది. అక్కణ్ణుంచి ఇంటికి రాకుండా అటు నుంచి అటే వెళ్ళిపోయింది.

"అక్క ఒక్క మాట అడిగి రమ్మంది బావా," అన్నాడు బామ్మర్ది, మఫ్లరు కూడా విప్పకుండా. "మీకు చలేస్తుందా, వెయ్యదా? నిజం చెబితే అప్పుడు ఇంటికొచ్చే సంగతి ఆలోచిస్తానంది."

మేస్త్రి గారు టైలరు వంక చూశారు, నా వంక చూశారు. మేమిద్దరం లేకపోతే ఏమని ఉండేవారో నాకు తెలియదు. మేం ఉన్నాం కాబట్టి గొంతు సవరించుకున్నారు.

"విన్నావుటయ్యా టైలరూ? నాకు చలేస్తుందా అట! చేపని పట్టుకుని నీకు ఈతొచ్చా అని అడిగినట్టుంది. సరే, వినరా బామ్మర్దీ, విని పొల్లు పోకుండా మీ అక్కకి చెప్పు. నేను పనిలో చేరిన కొత్త. మూడో నంబరు గది, చేపల గది, బయట బోర్డు మీద మైనస్ ఇరవై. మావాళ్ళందరూ మేకులకి తగిలించిన దూది కోట్లు తొడుక్కుని, మోకాళ్ళ దాకా బూట్లు లాక్కుని, చంద్రమండలానికి బయల్దేరినట్టు తయారవుతున్నారు. నాకంత ఓపికేది? ఉన్న చొక్కాతోనే రబ్బరు తెరలు తోసుకుని లోపలికెళ్ళి పది పెట్టెలు దించి వచ్చా. అంతే. అదేం పెద్ద గొప్ప కాదు."

"పది పెట్టెలేగా, నేనూ దించుతా," అన్నాడు టైలరు.

"దించు. రేపటి నుంచి నీ కొట్లో సూదిలో దారం నేనొచ్చి ఎక్కిస్తా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదకొండో పెట్టె కోసం వెళ్ళానా, వెనక తలుపు ధబీమని పడింది. లోపలి పిడి పట్టుకుంటే చేతికొచ్చేసింది. గంట కొడదామంటే తీగ తెగి ఉంది. బయట మావాళ్ళు లారీ లోడు గొడవలో ఉన్నారు, ఎవడికీ నా ధ్యాసే లేదు. ఎంతసేపో చెప్పు? ఒక షిఫ్టు! ఎనిమిది గంటలు! ఇంకొకడైతే కొయ్యబారిపోయేవాడు. నాకు రెండో గంటకి ఉక్కపోత మొదలైంది."

"మైనస్ ఇరవైలో ఉక్కపోతా మేస్త్రి గారూ?" అన్నాను. ఇలా ఎగదోయడం నాకు పాత అలవాటు. ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

"ఉక్కపోతంటే అలాంటిలాంటి ఉక్కపోత కాదయ్యా. చొక్కా విప్పా. బనీను విప్పి పిండి మళ్ళీ తొడుక్కున్నా. గోడలకి పట్టిన మంచు బొట్లు బొట్లుగా కారడం మొదలెట్టింది. బయట బోర్డు మీద ముల్లు పదిహేనుకొచ్చింది, పదికొచ్చింది, సున్నా దాటింది. మావాళ్ళు మిషను చెడిందనుకుని మెకానిక్కుని పిలిపించారు. వాడు కంప్రెసర్లు రెండూ విప్పి, నట్లన్నీ గోనెపట్టా మీద పరుచుకుని, చెడిందేదో దొరక్క తల పట్టుకున్నాడు. చెడితే కదా దొరకడానికి! గదిలో నేనున్నా, అంతే. చివరికి తలుపు తీశారు. తీసేసరికి మోకాల్లోతు నీళ్ళు, ఆ నీళ్ళలో చేపలు ఈదుతున్నాయి!"

"గడ్డకట్టిన చేపలా?" అన్నాను.

"నాలుగు టన్నులు! మూలనున్న ముసలి చేప ఒక్కటి ఈదలేదు, అది తుమ్ముతూ కూర్చుంది."

టైలరుకి పొలమారింది. నేను వాడి వీపు మీద చరిచాను. బామ్మర్ది మాత్రం నవ్వలేదు, గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"మర్నాడు మేనేజరు నోటీసు అంటించాడు. ఈ మేస్త్రి మూడో గదిలో ఐదు నిమిషాలకి మించి ఉండరాదు, మిషన్లు తట్టుకోలేకపోతున్నాయి, అని."

"ఆ నోటీసు ఉందా మేస్త్రి గారూ?" అన్నాను.

"చొక్కా జేబులో పెట్టుకున్నా. ఒంటి వేడికి మాడిపోయింది."

ఈసారి నవ్వు ఆగాక ఆయన బామ్మర్ది వైపు తిరిగారు. వాడి మొహం చూసి ఇంకాస్త గొంతు పెంచారు.

"ఇక మీ అక్క సంగతి చూడు. పక్కింటివాళ్ళు ఫ్రిజ్ తలుపు తీస్తే మా ఇంట్లో తను తుమ్మేది. క్యాలెండర్లో మంచుకొండ బొమ్మ వచ్చిందంటే ఆ నెల నెలంతా క్యాలెండరుని గోడకేసి తిప్పేసేది, మాకు ఆ నెలలో తారీకులే ఉండేవి కావు. అలాంటి మనిషికీ నాకూ ఒకటే గది, ఒకటే ఫాన్. నాకేమో ఐదులో తిరగాలి. తనేమో నేను కన్నుమూయడం ఆలస్యం, రెండుకి తిప్పేసేది. చూశా, చూశా, ఒకరోజు రెగ్యులేటర్ నాబు పీకి జేబులో వేసుకున్నా. పదేళ్ళయింది. డ్యూటీకెళ్ళినా నాతోనే, బజారుకెళ్ళినా నాతోనే." చొక్కా జేబులోంచి తీసి అరచేతిలో పెట్టి చూపించారు. తెల్లటి ప్లాస్టిక్ నాబు. అంకెలు అరిగిపోయాయి.

"స్విచ్ కట్టేస్తే పోయేదిగా?" అన్నాడు టైలరు.

"కట్టేస్తే నాకు మెలకువొచ్చేస్తుంది. లేచి మళ్ళీ వేస్తా. నాతోనా?"

"జ్వరం వచ్చిన రోజు కూడా ఐదులోనే తిరిగిందా బావా?" అన్నాడు బామ్మర్ది.

మేస్త్రి గారు నాబుని ఒకసారి అటూ ఇటూ తిప్పారు. "ఆ రోజు... చలనేది మనసులో ఉంటుంది, అనుకుంటే వేస్తుంది, అనుకోకపోతే వెయ్యదు అన్నా. మూడు దుప్పట్లు కప్పుకుని అటు తిరిగి పడుకుంది. ఏమీ అనలేదు." ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ నోటికి ఆగడం అలవాటు లేదు. "అది కాదు, ఆస్పత్రిలో ఏమైందో తెలుసా? నర్సు నా ఒళ్ళు చూసి అదిరిపడింది. థర్మామీటరు పెడితే ఠప్పున పగిలింది. పెద్ద డాక్టరు పరిగెత్తుకొచ్చి, ఈయన్ని వార్డు మధ్యలో కూర్చోబెట్టండి, చలిజ్వరం వాళ్ళ మంచాలన్నీ ఈయన చుట్టూ వెయ్యండి అన్నాడు. వేశారు. తెల్లారేసరికి పదకొండు మందికి నయమై ఎవరి దుప్పటి వాళ్ళు మడతపెట్టుకుని ఇళ్ళకెళ్ళిపోయారు!"

"పన్నెండో మంచం అక్కది బావా," అన్నాడు బామ్మర్ది.

టైలరు నోట్లో నవ్వు నోట్లోనే ఉండిపోయింది. నేను ఊరికే స్టవ్వు మంట తగ్గించాను.

"అక్క నాకో సంగతి చెప్పింది. ఫాన్ ఐదులో తిరుగుతుంటే, మీకు నిద్రపట్టిన కాసేపటికి మీ కాళ్ళు రెండూ తన దుప్పట్లోకి వచ్చేవట. ఒకరోజు కాదు, రోజూ. చన్నీళ్ళలో నానిన రాళ్ళలా ఉండేవట. తను వణుకుతూనే తన పాదాల మధ్య పెట్టుకుని వాటిని వెచ్చబెట్టేదట. తెల్లారి మీకు మెలకువ వచ్చేలోపు మెల్లగా బయటికి నెట్టేసేదట, మీ మాట పోకూడదని."

మేస్త్రి గారు తన కాళ్ళ వంక చూసుకున్నారు. చెప్పుల్లో వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

నాకు ఇదేమీ కొత్త కాదు. ఈ కొట్టు పెట్టి ఇరవై ఏళ్ళు. డ్యూటీలో ఉన్నంతకాలం ఆయన షిఫ్టు దిగి వచ్చి రెండు గ్లాసులు చెప్పేవారు. ఒకటి తాగేవారు. రెండోది రెండు చేతులతో పట్టుకుని కూర్చుని, చల్లారాక పారబోసేవారు. రిటైరయ్యాక ఒక్కటే తీసుకుంటున్నారు. రెండో గ్లాసు ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఉక్కపోతా మేస్త్రి గారూ, అని మాత్రం అడిగేవాణ్ణి. ఒక్కసారి ఆ మాట తీసి ఉంటే ఆవిడ ఆ ఫాన్ కింద ఇన్నేళ్ళు వణికేది కాదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

"పెళ్ళైన మొదటి చలికాలం రా," అన్నారాయన. గొంతులో కోతల గొంతు లేదు. "డ్యూటీ నుంచి వచ్చి, స్వెటర్ లేకుండా గుమ్మంలో నిలబడ్డా. ఊరికే, మగతనం చూపించుకుందామని. మీ అక్క పక్కింటావిడతో చెబుతోంది, మా ఆయనకి చలే వెయ్యదండీ అని. కిటికీలోంచి విన్నా. నా గురించి అంత గొప్పగా అంతకుముందెవరూ చెప్పలేదురా. ఆ మాట నిలబెట్టాలనుకున్నా. ఒక్క చలికాలమేగా అనుకున్నా. లోపల కోటు మీద కోటు వేసుకునేవాణ్ణి. షిఫ్టవగానే మిషను గదిలో వేడి పైపు దగ్గర చేతులు కాచుకుని, వణుకు తగ్గాకే గేటు దాటేవాణ్ణి. ఆ ఫాన్ కింద నేను ఒక్కరోజూ సుఖంగా పడుకోలేదు."

"మరి తగ్గించుకోవచ్చుగా మేస్త్రి గారూ?" అన్నాడు టైలరు.

"నాబు పీకినవాణ్ణి నేనేనయ్యా. ఏ మొహం పెట్టుకుని తగ్గించను?"

బామ్మర్ది ఫోను తీసి నంబరు నొక్కాడు. మిషన్ల హోరులో బతికి మేస్త్రి గారికి చెవులు కాస్త మందం, అందుకని స్పీకరు పెట్టి గ్లాసుల పక్కన ఉంచాడు. "ఈ మాట నాకు కాదు బావా, అక్కకి చెప్పండి."

అవతల ముందు దగ్గు వినిపించింది, తర్వాత "చెప్పండి" అని.

"ఏమే... మూడో నంబరు గదిలో ఓసారి తలుపు పడిపోయిన సంగతి నీకు చెప్పానా?"

"చెప్పారు. చేపలు ఈదాయి. తమ్ముడు అడిగాడా?"

మేస్త్రి గారు బల్ల అంచు పట్టుకున్నారు. నోరు రెండుసార్లు తెరిచి మూశారు. అంత మాటకారి మూడు ముక్కల కోసం అంత కష్టపడటం నేనెప్పుడూ చూడలేదు.

"చలేస్తుందే," అన్నారు. "నాకు చలేస్తుంది. మొదట్నుంచీ వేస్తుంది."

"తెలుసు," అంది ఆవిడ.

"తెలిస్తే ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశానండీ." మళ్ళీ దగ్గు. "చూశాను, చూశాను..."

"వచ్చెయ్యవే. నాబు బిగించేస్తా. అసలు ఫానే ఊడదీయిస్తా."

"ఈ చలికాలం ఇక్కడే ఉంటాను. తమ్ముడు ఎండ పడే గది ఇచ్చాడు. పడుకుంటే ఒళ్ళు వెచ్చగా ఉంటోంది. తెలియకుండానే తెల్లారిపోతోంది. ఇలా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. ఎండలు ముదిరాక చూద్దాం లెండి." పెట్టెయ్యబోయి ఆగినట్టుంది. "మీరు కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని పడుకోండి. ఇప్పుడు అక్కడ నేను లేనుగా."

ఫోను ఆగిపోయింది. తిరుగు బస్సు వేళైందని బామ్మర్ది లేచాడు. మేస్త్రి గారు వాడి చెయ్యి పట్టుకుని అందులో నాబు పెట్టబోయారు. "ఇది మీ అక్కకియ్యి. ఇక తన దగ్గరే ఉంచుకోమను."

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాడి మొహంలో కోపం లేదు. "మా ఇంట్లో ఫాన్లకి నాబులున్నాయి బావా," అన్నాడు.

వాడు రోడ్డు దాటాడు. టైలరు కత్తెర గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయాడు. మేస్త్రి గారు నాబు జేబులో వేసుకుని, చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. ఆ గుండీ వాడక వాడక బిగుసుకుపోయిందేమో, పట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఇంకో గ్లాసు ఇవ్వవయ్యా," అన్నారు.

"చక్కెర తగ్గించనా?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఎంతైనా వెయ్యి. తాగడానికి కాదు, పట్టుకోవడానికి."