శివయ్యన్న చేతిల ఇంగ్లీషు

ఏందే సావిత్రీ, గంట నుంచి గా పెన్ను నములుతున్నవ్? ఓ, పేపర్ల మాటల ఆటనా? ఇచ్చిన అక్షరాలన్నీ ఉన్న ఇంగ్లీషు మాటలు ఎతకాలె, గంతేనా? నన్ను మాత్రం అడుగకు బిడ్డా. నా ఇంగ్లీషు ఏడో తరగతిల యాడ ఆగిందో గాడనే కూసున్నది. అయినా ఇరవై రెండేండ్లు ఇంగ్లీషు ప్రూఫులు దిద్దిన. ఎట్లంటవా? తప్పు కనవడకపోతె తప్పు లేనట్టే గదా. నా దయతోని ఈ బస్తీల ఎన్ని లగ్గం కార్డులు ఎట్లెట్ల అచ్చయినయో దేవునికెరుక. లగ్గాలైతె ఒక్కటి గూడ ఆగలే.

గీ ఆటల మొనగాడంటె శివయ్యన్న. నువ్వు చూడలే, పోయి పన్నెండేండ్లాయె. ఛత్రినాకల మా వెంకటనారాయణ సేటు ప్రెస్సుల కంపోజిటర్. అంటె సీసం అక్షరాలు ఒక్కొక్కటి ఏరి మాటలు పేర్చెటోడు. ఇంగ్లీషు ఒక్క ముక్క చదువరాదు. కాగితం మీద అక్షరం చూస్తడు, అసొంటి సీసం ముక్క పెట్టెల ఖానాలకెల్లి తీస్తడు, అంతే. దీని అర్థమేందన్నా అంటె, అర్థం సేటు చూసుకుంటడు, నా పని వరుస వరకే అంటుండె. సేటు నా దిక్కు చూసేది. నేను గోడ దిక్కు చూసేది.

డెబ్బై ఒకటిల ఒక చాయ్‌పత్తి కంపెనీ డబ్బాల కూపన్లు పెట్టింది. టి, ఇ, ఎ, ఈ మూడక్షరాలు ఎటు తిరిగి అయినా ఉన్న మాటలు ఎవరు ఎక్కువ రాస్తె వాళ్లకు కుట్టుమిషన్. శివయ్యన్న పెండ్లాం రాజమణి టైలర్లకు కాజాలు కుట్టేది. చేతి సూదే. వేళ్లన్నీ పొడిచి పొడిచి జల్లెడ లెక్క అయినయ్. మిషనొక్కటుంటె జాకెట్లు నేనే కుడ్తును గదా అని ఆమె అననే అనది, అన్నా కొనే తాహతు లేదు. ఈయన మాత్రం కూపన్ చేతిల పట్టుకొని నా తాన నిలవడ్డడు, గిదేందో మంచిగ చదివి చెప్పు ప్రహ్లాద్ అన్నడు.

చెప్పిన. చెప్పి ఊకున్ననా? నేనూ ఒక డబ్బా కొన్న. డిక్షనరీ ముందల పెట్టుకొని వారం కూసుంటె ఇరవై మూడు మాటలు దొరికినయ్, అండ్ల ఒకటి టైలర్. చదివి వినిపిస్తె శివయ్యన్న నవ్విండు. "టైలర్‌కు ఇ పడదు ప్రహ్లాద్. మూల మీది టైలర్ రసీదు బుక్కు మూడుసార్లు పేర్చిన" అన్నడు. మరి ఆయనెట్ల ఎతికిండంటవా? ఆ మూడు సీసం ముక్కలు ఎడమ అరచేతిల ఏసుకుంటడు, కండ్లు మూస్తడు, కుడి చెయ్యి ఖానాల మీద తిరుగుతది. ఒక ముక్క తగులుతది, ఇంకోటి తగులుతది, ఇగ చెయ్యి ఆగుతది. ప్లేటు. మాస్టరు. బ్యాటరీ. సర్టిఫికేటు. ఇరవై ఏండ్లు స్కూలు ప్రశ్నపత్రాలు, దుకాండ్ల చిట్టీలు, పదోదినం కార్డులు పేర్చిన చెయ్యి అది. నోటికి తెల్వని మాట చేతికి తెలుసు. నెల రోజులల్ల నూట నలభై దాటిచ్చిండు.

కూపన్ మీద సొంత దస్తూరితోనే రాయాలె అని ఉండె. నేను రాసిస్త అంటె ఒప్పుకోలే. నా పెండ్లాం మిషన్ నీ దస్తూరితోని ఎందుకు రావాలె అన్నడు. పోనీ రాసినంక ఒకసారి చూపియ్యి అంటె, కాపీ కొడ్తవ్ అని కవరు అంటుపెట్టి పోస్టు డబ్బాల ఏసి వచ్చిండు. నిజం చెప్తున్న, కొడ్తుంటి.

రెండు నెలలకు ప్రెస్సుకు కవరొచ్చింది. ఇంగ్లీషుల ఒక చిట్టీ, దానెనక ఆయన కూపన్. ఇప్పిన. ఏం చెప్పాలె బిడ్డా. ఎంత ముద్దుగ రాసిండో, గీత గీసినట్టు వరుసలు. కని అక్షరమక్షరం ఉల్టా. ఆ మనిషి జన్మల పెన్ను పట్టి ఇంగ్లీషు రాసినోడు గాదు. సీసం ముక్క మీద అక్షరం అద్దంల లెక్క తిరగేసి ఉంటది. కంటికి సీదా తెలుసు గని చేతికి తెలిసింది ఉల్టానే. చదువరాలేదు, చింతిస్తున్నం అని రాసి వాపసు పంపిన్రు కంపెనోళ్లు. అండ్ల పాపం వాళ్ల తప్పేమున్నది.

అంతల రాజమణి మధ్యాహ్నం టిఫిన్ పట్టుకొని వచ్చె. ఇద్దరు నా మొకం చూస్తున్రు. చదువు ప్రహ్లాదన్నా అన్నదామె. నేను కూపన్ జేబుల దోపి చిట్టీ పట్టుకున్న. "శివయ్య గారికి. మీ మాటలే అందరికన్న ఎక్కువున్నయ్. కాని కవరు ఒక్క దినం ఆలస్యమయి చేరింది. మీ అసొంటి తెలివైన మనిషి మా డబ్బా కొన్నందుకు మాకు మస్తు సంతోషం." గిట్ల చదివిన. చిట్టీల ఉన్నది రెండు వరుసలు, నేను చదివింది దగ్గర దగ్గర పేజీ. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మిషన్ పోతె పాయె, అందరికన్న ఎక్కువట గదా అన్నది. మర్నాడొచ్చి మల్ల చదువుమన్నది. ఆ మర్నాడు పక్కింటి కృష్ణమ్మను తోలుకొచ్చింది. ఏ రోజు ఏం చదివిననో మర్శిపోతనేమో అని నేను ఆ అబద్ధాన్ని ఇంట్ల అచ్చం పాఠం లెక్క బట్టీ పట్టిన. బడిల అంత బట్టీ పడ్తె మెట్రిక్ పాసవుతుంటి.

ఒకనాడు పొద్దుమీకె, ఇద్దరం గాసునూనెతోని సీసం ముక్కలు కడుగుతున్నం. ఆయన తల ఎత్తకుండనే అన్నడు. "ఆ చిట్టీల మొదటి వరుసల ఒక మాట ఉన్నది ప్రహ్లాద్. చావు కార్డులు పేర్చేటప్పుడు పెట్టే మాట అది. నువ్వు మొదటినాడు ఇప్పినప్పుడే నీ ఎనక నుంచి చూసిన."

నా చేతులు గాసునూనెలనే ఆగినయ్.

"రేపు జర మెల్లగ చదువు" అన్నడు. "రాజమణి వాళ్లక్క నీలమ్మ సైదాబాద్ నుంచి వస్తున్నదట, వినెతందుకు."

మెల్లగనే చదివిన.

...

ఆ నల్లా బందు చెయ్యి బిడ్డా. నీళ్లు పోతున్నయ్.